బేతంచెర్ల ఎండ చూడని డిస్కు

మే పదిహేడో తేదీ నాకు బాగా గుర్తు. ఆ పొద్దున బేతంచెర్ల స్టేషన్ ఎదుటి హోటల్లో బొరుగుల ఉగ్గాని తిన్నాను, ఒక బజ్జీతో. నా భార్య రాహేలమ్మ పోయిన దగ్గర్నుంచి నా కడుపు కారాన్ని ఓర్చుకోవడం లేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. రెండు ముద్దలు తిని నీళ్ళ గ్లాసు కోసం వెతుక్కుంటుంటే హోటలావిడ వచ్చి, నా ప్లేటులోని పచ్చిమిరపకాయ ముక్కలన్నీ చెంచాతో ఏరి పక్కన పెట్టి, పైన ఇంకాస్త పప్పులపొడి చల్లి వెళ్ళిపోయింది.

బయట నాగలత నా కోసం ఎదురుచూస్తోంది. శివశంకర్ గారి బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఆమె కంప్యూటర్ ఆపరేటరు. ఆమె అన్న ఓబులేష్ అదే ఫ్యాక్టరీలో లారీ డ్రైవరు. ఆ నెల మొదట్లో ఒక సాయంత్రం, లోడింగు యార్డులో లారీ వెనక్కి వచ్చి, వాచ్‌మన్ మద్దిలేటి దాని చక్రాల కింద పడి చనిపోయాడు. ఆ లారీ నడిపేది ఓబులేష్ కాబట్టి ఓబులేష్‌ను జైల్లో పెట్టారు.

యార్డులో కెమెరా ఉంది. విడిగా రికార్డింగు డబ్బా కొనడం ఎందుకని, ఆ రికార్డింగంతా ఆఫీసు కంప్యూటర్లోకే వచ్చేలా పెట్టుకున్నారు. ఆ సాయంత్రపు భాగం మాత్రం అందులో లేదు. నాగలత పాస్‌వర్డుతో ఎవరో దాన్ని మళ్ళీ తీయలేనంతగా చెరిపేశారని యజమాని పిలిపించిన నిపుణుడు భూపేష్ పోలీసులకు రాసిచ్చాడు. ఎవరో అని అతను రాసినా, పోలీసులు మాత్రం చెల్లెలనే చదువుకున్నారు. సోమవారం ఓబులేష్ బెయిలు విచారణ. అదే రోజు నాగలతనూ అరెస్టు చేస్తారని అన్నాచెల్లెళ్ళ లాయరు శిల్పకు కబురు వచ్చింది. శిల్ప కోర్టును అడిగి ఒక్క అనుమతి తెచ్చింది: సీలు వేసిన ఆ కంప్యూటర్ను ఆమె తరఫు మనిషి ఒకసారి, పోలీసు ఎదుట చూడవచ్చు. ఆ మనిషిని నేను. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇన్సూరెన్సు క్లెయిములు విచారించాను. ఇప్పుడు లాయర్లు పిలిస్తే వెళ్తున్నాను.

నడుస్తూ నాగలతను అడిగాను. “ఆ సాయంత్రం మీ అన్న ఎక్కడున్నాడు?”

“యాడికీ పోలేదు సార్. నా టేబుల్ ముందరే నిలబడుకోని ఉన్నాడు. వేబిల్లు కోసం వచ్చినాడు. తాళంచెవి లారీలోనే పెట్టి దిగుతాడు ఎప్పుడూ. బయట కేకలు ఇనపడితే ఇద్దరం ఒకేసారి పరిగెత్తినాం.”

“నీ పాస్‌వర్డు ఇంకెవరికైనా తెలుసా?”

“అందురికీ తెలుసు సార్. గోడ మీద రాసిపెట్టింటిమి. నేను సెలవు పెడితే బిల్లులు కొట్టల్ల గదా.”

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆఫీసంటే ఒకే గది. పైన రేకులు. యార్డు వైపు కిటికీకి గోనెపట్టా వేలాడదీశారు. బండలు కోసేటప్పుడు లేచే తెల్లటి పిండి టేబుల్ మీదా, ఫైళ్ళ మీదా, గోడగడియారం మీదా పేరుకుని ఉంది. కంప్యూటర్ డబ్బాకు ఒక పక్క మూత లేదు. లోపలి భాగాల మీదికి గాలి తగిలేలా ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టారు. హెడ్ కానిస్టేబుల్ కంబన్న గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. శివశంకర్ తన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అతని పక్కన, ఇస్త్రీ నలగని చొక్కాలో, భూపేష్.

భూపేష్‌ను నేను ఎరుగుదును. పాడైన డిస్కుల్లోంచి సమాచారం తీసిపెట్టే షాపు ఒకటి కర్నూల్లో నడుపుతాడు. పోయిన ఏడాది ఒక పత్తి గోదాము కాలిపోయిన కేసులో అతని రిపోర్టు తప్పని నేను తేల్చాను. అతను దాన్ని మర్చిపోయినట్టు లేడు.

“రండి పెద్దాయనా. ఈసారి ఏం కాలింది?”

“ఇంకా ఏమీ కాలలేదు. చూద్దాం, ఎండ బాగానే ఉంది.”

“కంప్యూటర్ ఆన్ చేయడం వచ్చా, నేర్పించమంటారా?”

“నేర్పించు బాబూ. నేర్చుకునే వయసే.”

కంబన్న మీట మీదా, లోపలి డిస్కు మీదా వేసిన సీళ్ళు తెంపాడు. భూపేష్ మీట నొక్కాడు. తెర వెలిగింది. పై మూలన, గడియారం పక్కన, చిన్న అంకె కనిపించింది: ముప్పై తొమ్మిది.

“అదేమిటి?” శివశంకర్‌నే అడిగాను.

“అదా. ఆ పిల్ల పెట్టుకున్నెది. లోపల డిస్కు ఎంత కాగిందో చెప్తాదంట. పోయిన ఎండాకాలం ఈ డబ్బా ఊరికే ఆరిపోతాండె. సగం బిల్లు కొడితే ఆరిపోవల్ల. చెయ్యి పెడితే చురుక్కుమనేది.”

“ఏసీ పెట్టించకపోయారా?”

“ఏమప్పా, నాకే ఏసీ లేదు, దానికా? టేబుల్ ఫ్యాన్ కొనిచ్చినా. మూత తీసి గాలి తగలనీమంటి. అంతే.”

“రిపేరుకు ఎప్పుడైనా బయటికి పంపారా?”

“యాడికీ పోలేదు. నాలుగేండ్లాయ కొని. ఈ టేబుల్ మీదనే ఉండాది.”

“డిస్కు మార్చారా?”

“మార్చేదానికి అదేమన్నా లారీ టైరా? మొదుట్నుంచి అదే.”

కంబన్న వైపు చూశాను. “ఇది రాసుకుంటారా?”

“రాస్తాండా సార్,” అన్నాడు అతను, పెన్ను విదిలిస్తూ. “కొంచెం నిదానంగా చెప్పండి. చెమటకు పేపరు అతుక్కుంటాంది.”

నాగలత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెను అడిగాను. “ఆ అంకె ఎంతదాకా పోవడం చూశావమ్మా?”

“అరవై ఒకటి సార్, పోయిన ఎండల్లో. అరవై దాటితే ఎర్రగయ్యేటట్ల పెట్టుకున్నా. ఎర్రగైతే పని ఆపి, ఆ గోనెపట్టా తడిపి వచ్చేదాన్ని. ఈ ఎండల్లో గూడా యాభై ఐదుకు తగ్గలేదు.”

“ఆమె చెప్పిందే సాక్ష్యమా?” భూపేష్ నవ్వాడు. “అసలు మీకేం కావాలి సార్? వీడియో కావాలి. అది లేదు. నేను మొత్తం వెతికాను. మీరు అంకెలు చూసుకుంటే తిరిగి రాదు.”

“వీడియో కాదు. డిస్కు గురించి. ఇది పాతదేనా?”

అతను అడిగించుకోవాలనే ఎదురుచూస్తున్నట్టు, తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి, టకటకా ఏదో కొట్టాడు. “చూడండి. ఈ డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో దాని లోపలే లెక్క ఉంటుంది. నాలుగేళ్ళు తిరిగిన డిస్కు ఇది. చాలా? కంబన్నా, ఇది కూడా రాసుకో.”

“డిస్కు మీది నంబరు సరిచూశారా?”

“దేంతో సరిచూడాలి? వీళ్ళ దగ్గర బిల్లు లేదు.”

“బిల్లు తీసుకుంటే ట్యాక్సు గదప్పా,” అన్నాడు శివశంకర్.

నేను తల ఊపాను. ఇన్సూరెన్సు రోజుల్లో, వేడికి చెడిపోయిన కంప్యూటర్ల క్లెయిములు ఎండాకాలంలో వరసగా వచ్చేవి. వాటితో కుస్తీ పడుతూ నేర్చుకున్నది ఒకటుంది. చాలా డిస్కులు తిరిగిన గంటలే కాదు, తమ జన్మలో చూసిన అత్యధిక వేడిని కూడా లోపల దాచుకుంటాయి. ఆ లెక్క ఫైళ్ళలో ఉండదు. డిస్కు సొంత ఒంట్లో ఉంటుంది. ఫైళ్ళన్నీ ఇంకో డిస్కులోకి అచ్చుగా దింపుకోవచ్చు, మూలనున్న ఆ చిన్న అంకెతో సహా. ఒకరికి వచ్చిన జ్వరాన్ని మాత్రం ఇంకొకరి ఒంట్లోకి దింపలేం.

“బాబూ, దాని వేడి లెక్క కూడా చూపించు. ఇప్పటిది కాదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నది.”

కీబోర్డు మీద భూపేష్ వేళ్ళు ఆగాయి. “అదెందుకు?”

“ఊరికే.”

“ఊరికే అయితే వద్దు సార్. సెన్సార్లు తప్పులు చెబుతాయి. అనవసరం.”

“చూపీప్పా,” అన్నాడు కంబన్న స్టూలు మీది నుంచి. “సారు అడిగిందల్లా చూపియ్యమని కాగితంలో ఉండాది.”

భూపేష్ కొట్టాడు. ఈసారి టకటకా కాదు. రెండు వరసలు వచ్చాయి. ఇప్పటి వేడి, నలభై రెండు. జన్మలో అత్యధికం, నలభై మూడు.

ఆ అంకెను ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను.

“ఫ్యాన్ ఆపండి,” అన్నాను.

“ఏమన్నావు?” అన్నాడు శివశంకర్.

“టేబుల్ ఫ్యాన్. కాసేపు ఆపండి.”

“ఎండకు సచ్చిపోతామప్పా.”

“డిస్కుకు పెట్టిన ఫ్యానే కదా. మీకు పెట్టింది కాదు.”

నాగలత వెళ్ళి మీట ఆపింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. అప్పటిదాకా వినిపించని శబ్దాలన్నీ గదిలోకి వచ్చాయి. రేకులు చిటపటమంటున్నాయి. డిస్కు తిరుగుతున్న సన్నటి రొద. దూరంగా కోత మిషను. అందరం ఒక చిన్న అంకె కేసి చూస్తూ, చెమట కారుస్తూ కూర్చున్నాం.

నాగలత కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చింది. నా దగ్గరికి రాలేదు. కంబన్న దగ్గరికీ పోలేదు. డబ్బాకు దగ్గరగా ఉన్నవాడికే ఎక్కువ ఉక్కగా ఉంటుందనుకుందేమో, మొదటి గ్లాసు భూపేష్‌కు ఇచ్చింది. తనను జైలుకు పంపే కాగితం రాసిన మనిషికి. అతను ఆమె ముఖం చూడకుండా తీసుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

నలభై మూడు.

“మళ్ళీ కొట్టు,” అన్నాను.

ఇప్పటి వేడి నలభై మూడు. జన్మలో అత్యధికం నలభై మూడు.

మూలన అంకె మారింది. నలభై నాలుగు.

“మళ్ళీ.”

అతను కొట్టలేదు. నేనే చెయ్యి చాపి, అతను చేసినట్టే పై బాణం మీటా, ఎంటర్ మీటా నొక్కాను. ఇప్పటి వేడి నలభై నాలుగు. జన్మలో అత్యధికం నలభై నాలుగు. ఇంకాసేపటికి రెండూ కలిసి నలభై ఐదుకు ఎక్కాయి.

“కంబన్న గారూ, ఇవాళ బయట ఎంత ఎండ?”

కంబన్న ఫోను తీసి చూశాడు. “నలభై నాలుగంట సార్.”

“శివశంకర్ గారూ. ఈ డిస్కు నాలుగేళ్ళుగా ఈ రేకుల కింద, ఏసీ లేకుండా తిరిగిందని మీరన్నారు. చెయ్యి పెడితే చురుక్కుమనేదని కూడా మీరే అన్నారు. కానీ ఇవాళ్టికి ముందు ఇది నలభై మూడు దాటి ఎరుగదు. అంటే బయటి గాలి పాటి కూడా కాగలేదు. పుట్టిన తర్వాత ఇంత వేడి చూడడం దీనికి ఇదే మొదలు. మన కళ్ళ ముందే చూస్తోంది.” ఒక్క క్షణం ఆగాను. “ఇది బేతంచెర్ల ఎండ చూసిన డిస్కు కాదు. నాలుగేళ్ళూ ఏదో ఏసీ గదిలో చల్లగా తిరిగింది.”

“ఆ పాత లెక్క ఒక్కోసారి మధ్యలో పోయి మళ్ళీ మొదలవుతుంది సార్,” భూపేష్ గొంతు పెంచాడు. “డిస్కుల్లో మామూలే. దీన్ని పట్టుకుని కథలల్లకండి.”

“అయితే గంటల లెక్క ఎందుకు పోలేదు? నాలుగేళ్ళని ఇందాక మీరే గర్వంగా చూపించారు.”

అతను గ్లాసును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నేను అతన్ని చూస్తున్నాను. కాబట్టి శివశంకర్ ముఖం ముందుగా గమనించింది నాగలతే. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. శివశంకర్ కుర్చీలోంచి లేచాడు. అతను నన్ను చూడడం లేదు, తెరనూ చూడడం లేదు.

“ఏందప్పా భూపేషూ,” అన్నాడు, చాలా మెల్లగా. “తుడిచేసినా అంటివి గదా. మార్చినానని చెప్పకపోతివే.”

తను ఏమన్నాడో శివశంకర్‌కు అప్పుడు తెలిసింది. కంబన్న పెన్ను కాగితం మీద గాల్లో ఆగి ఉంది. తర్వాత అది నిదానంగా కిందికి దిగి, ఆ మాటలు రాయడం మొదలుపెట్టింది.

“ఏం రాస్తాండావు నువ్వు?” అన్నాడు శివశంకర్.

“మీరు చెప్పిందే సార్. మొదుట్నుంచీ అదే పని జేస్తాండా.”

భూపేష్ నీళ్ళ గ్లాసు టేబుల్ మీద పెట్టాడు. సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

“ఆపండి అతన్ని,” అన్నాను కంబన్నతో.

“నాకు అప్పజెప్పింది ఈ డబ్బా కావలి సార్. మనుషుల కావలి కాదు. ఎస్సై సారుకు ఫోన్ జేస్తాండా, చూడండి. ఎత్తడం లేదు.”

శివశంకర్ అప్పటికే యార్డులోకి వెళ్ళాడు. గోనెపట్టా పక్కకు తొలగించి చూశాను. బండల దొంతరల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. గాలి ఇటువైపే ఉంది. “తెల్ల కారు. కర్నూలు దావనే పోతాండాడు. వాని దగ్గర నాదొకటి ఉండాది. అది లేకుండా రావాకండి.”

భూపేష్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆఖరికి ఒక మెసేజి పెట్టాను: మీ వెనక మనుషులు వస్తున్నారు, దారి మార్చుకోండి. అతనికి మేలు చెయ్యాలని పెట్టానో, ఆ డిస్కు దక్కాలని పెట్టానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కింద నా ఇంటి గుర్తులు కూడా రాశాను.

కంబన్న కంప్యూటర్‌కు మళ్ళీ సీలు వేసి, తను రాసిన కాగితం మీద నా సంతకం, నాగలత సంతకం తీసుకున్నాడు. శివశంకర్ సంతకానికి రాలేదు. నేను నాగలతను వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కాను. ఆమెను శిల్ప ఇంట్లో దించేసరికి పొద్దు వాలింది.

“మాయన్న బయటికొస్తాడా సార్?” గేటు దగ్గర అడిగింది.

“డిస్కు మారిందని చూపించగలం. అందువల్ల నిన్ను అరెస్టు చెయ్యడం కష్టమవుతుంది. కానీ మీ అన్న లారీలో లేడని చెప్పేది అసలు డిస్కే.”

“అది ఇంకా ఉండాదంటారా?”

“తుడిచేశానని చెప్పి తుడవకుండా మార్చాడంటే, దాచుకోవడానికే.”

ఇల్లు చేరాను. లైటు వేసి, రాహేలమ్మ ఫోటో మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచాను. ఆ రోజు నా మీద చేరిన బేతంచెర్ల పిండి వల్ల అద్దం ఇంకా తెల్లబడింది. బియ్యం కడుగుతుంటే శిల్ప ఫోన్ చేసింది. భూపేష్ షాపుకు తాళం ఉందట. ఫోన్ స్విచాఫ్. ఎస్సై రేపు పొద్దున మనుషుల్ని పంపుతానన్నాడట.

“పొద్దుటికి అది ఉంటుందా సార్?” అంది. నేను జవాబు చెప్పేలోగా తలుపు తట్టిన చప్పుడైంది. ఒక్కసారే, అరచేత్తో.

భూపేష్. కారు లేదు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఒక చెప్పు లేదు. చంకలో సంచిని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“మీ మెసేజి చూసి డోన్ దగ్గర కారు వదిలేసి ఆటోల్లో వచ్చాను సార్. దిగిన తర్వాత ఒకడు పట్టుకున్నాడు. విదిలించుకుని వచ్చాను. ఇంకెక్కడికి పోవాలో తెలీలేదు.”

లోపలికి రమ్మన్నాను. నీళ్ళిచ్చాను. ఈసారి తాగాడు, ఆపకుండా.

“పొద్దున ఆ అమ్మాయి నాకే ముందు ఇచ్చింది,” అన్నాడు ఖాళీ గ్లాసులోకి చూస్తూ. “మీరు చూశారా?”

“చూశాను.”

సంచిలోంచి ఒక తువ్వాలు మూట తీసి టేబుల్ మీద పెట్టి విప్పాడు. డిస్కు. దాని మూలల్లో తెల్లటి పిండి, తడిసి ఎండి, సున్నంలా గట్టిపడి ఉంది. తడి గోనెపట్టా గాలి రెండు ఎండాకాలాలు తగిలిన గుర్తు.

“అరవై ఒకటి,” అన్నాడు భూపేష్. “నేను తర్వాత చూశాను. ఆమె చెప్పింది నిజమే.”

“ఎందుకు దాచావు?”

“దాచుకోకపోతే నన్ను కూడా బతకనివ్వడని. ఆ వీడియో చూశాక అర్థమైంది. చెరిపెయ్యమని పిలిచాడు. చెరిపే ముందు చూశాను. చూడకుండా ఉండాల్సింది.”

“లారీలో ఎవరు?”

“ఓబులేష్ కాదు. శివశంకర్. ఓబులేష్ దిగి లోపలికి వెళ్ళాక ఎక్కాడు.” గ్లాసును టేబుల్ మీద తిప్పుతున్నాడు. “ప్రమాదమే అనుకున్నా సార్ మొదట. లారీ వెనక్కి వచ్చింది, మద్దిలేటి పడ్డాడు. ఆగింది. ముందుకు పోయింది. అతను లేచాడు సార్. చేతులు ఆనించి లేచి కూర్చున్నాడు. చెయ్యి ఊపుతున్నాడు, ఆపమని.” గ్లాసు ఆగింది. “అద్దంలో కనపడకుండా ఉండడు. మళ్ళీ వెనక్కి తీశాడు.”

ఫోన్ ఇంకా ఆపలేదని అప్పుడు గుర్తొచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల శిల్ప ఊపిరి వినిపిస్తోంది.

“నేను విన్నాను,” అంది ఆమె. “బయలుదేరుతున్నా. ఎస్పీ ఆఫీసు నుంచే మనుషుల్ని తీసుకొస్తా. అంతవరకూ ఎవరికీ తలుపు తియ్యొద్దు.”

వీధి చివర ఏదో బండి వచ్చి ఆగింది. కాసేపటికి మెల్లగా కదిలింది. దాని లైట్లు ఎదురింటి గోడ మీద ఒక్కో గుమ్మం దాటుకుంటూ నెమ్మదిగా జరుగుతున్నాయి. “వాళ్ళే,” అంటూ భూపేష్ లేచి నిలబడ్డాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

“అన్నం అవుతోంది. తిందువుగాని,” అన్నాను.

డిస్కును మళ్ళీ తువ్వాలులో చుట్టి, రాహేలమ్మ ఫోటో వెనక పెట్టాను. లైటు తీసేశాను. చీకట్లో గుమ్మం దాకా నడిచి, గడియ కిర్రుమనకుండా కింద వేలు ఆనించి, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసేశాను.